తిమింగలానికి చొక్కా కొలతలు

ఆ వీధిలో ఎవరి బొత్తాం ఊడినా నేరుగా బొత్తాల పిన్ని గుమ్మం ఎక్కాల్సిందే. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండేది. కానీ దాన్ని పిలిచి వాడేవాళ్ళు లేక, బీరువా అడుగున మడతపెట్టిన పెళ్లిబట్టల్లా అది కొత్తగానే ఉండిపోయింది. ముందుగదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే కుట్టుమిషను, దాని చుట్టూ బిస్కెట్ డబ్బాల నిండా బొత్తాలు. చుట్టుపక్కల బడిపిల్లలందరి యూనిఫారాలూ ఆ మిషను కింద నుంచే బయటికి వచ్చేవి. మెడలో కొలత టేపు ఎప్పుడూ వేలాడుతుండేది. నిద్రలో కూడా తీయదని ఆమె మొగుడు అనేవాడు. ఆయన చెప్పేవాటిలో సగం తీసేసినా, టేపు సంగతి నిజమే అయ్యుంటుంది.

ఆ మొగుడుగారు రైట్‌రైట్ బాబాయి. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన డిపో గేటులో నిలబడి "రైట్ రైట్" అని అరిస్తే, చక్రాలు విప్పి దిమ్మల మీద పెట్టిన బస్సు కూడా ఒక్కసారి ముందుకు ఊగేదని మెకానిక్కులు చెప్పుకునేవాళ్ళు. ఉద్యోగం పోయినా గొంతు పోలేదు. వంటింట్లో కుక్కరు కూత వేస్తే, బస్సు ఆపించినట్టు, ముందుగదిలోంచి "హోల్డాన్!" అనేవాడు.

పిన్నికి చిన్నప్పటి నుంచీ ఒకే ఒక్క కోరిక ఉండేది. అది చెప్పుకుంటే నవ్వుతారని చెప్పేది కాదు. ఐదో తరగతి వాచకంలో తిమింగలం బొమ్మ వేసి, అదెంత పెద్దదో తెలియడానికి పక్కన ఒక మనిషిని నిలబెట్టారు. ఆ మనిషి చిటికెనవేలి గోరంత. ఇది నిజంగా ఇంత ఉంటుందా అని అడిగితే, "వెళ్ళి చూసిరా, తెలుస్తుంది" అన్నారట టీచరమ్మ, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. పిల్ల ఆ మాటను ఆజ్ఞగా తీసుకుంది. తర్వాత చదువు ఆగిపోయి కుట్టుపనిలో పడ్డాక, ఆ కోరికకు ఇంకో తోక మొలిచింది. ఆ జంతువుకు ఒక చొక్కా కుట్టాలంటే ఎన్ని తానుల గుడ్డ పడుతుంది? పెళ్ళైన కొత్తలో ఒకసారి ఈ ప్రశ్న మొగుడి ముందు పెట్టింది. ఆయనకు నవ్వుతో పొలమారి, వీపు మీద చరచాల్సి వచ్చింది. మళ్ళీ ఎత్తలేదు. మర్చిపోనూ లేదు.

ఒకరోజు లంగా నడుము వదులు చేయించుకోవడానికి వచ్చిన స్కూలు టీచరు మాటల్లో చెప్పింది. మహానగరంలో పెద్ద మ్యూజియం ఒకటుంది, అందులో నిజమైన తిమింగలం ఎముకలగూడు పైకప్పుకు వేలాడదీశారు, మామూలుగా టికెట్టు ఉంటుంది కానీ వారంలో ఒకరోజు పొద్దుటిపూట అందరికీ ఊరికే చూపిస్తారు. పిన్ని ఆ లంగా నడుము రెండుసార్లు కుట్టి రెండుసార్లు విప్పింది.

ఆ వారంలోనే చెల్లెలు వచ్చింది. మొగుడితో కలిసి ప్యాకేజీ బస్సులో మహానగరం చూసొచ్చిన ఊపు ఇంకా తగ్గలేదు. గౌను పక్కలు వదులు చెయ్యాలంటూ స్టూలెక్కి నిలబడి, ఫోన్లో ఫోటోలు తిప్పుతూ మొదలుపెట్టింది.

"అద్దాల మేడ ఎక్కామక్కా. ఎక్కడానికే ఎంతో తెలుసా? చెబితే నీకు కళ్ళు తిరుగుతాయి."

"తిమింగలం చూశారా?" పిన్ని గుండుసూదులు పెదాల మధ్య పట్టుకునే అడిగింది.

"ఏ తిమింగలం?"

"మ్యూజియంలో ఉందటగా."

"ఓ అదా! అది ఊరికే చూపిస్తారటక్కా. ఊరికే చూపించేదాన్ని పనిగట్టుకుని ఎవరు చూస్తారు? అయినా నీకెందుకులే ఇవన్నీ. బావ నిన్ను వీధి చివర దాకా అయినా తీసుకెళ్ళాడా ఎప్పుడైనా? ఆయన తిరిగిన తిరుగుడుకి నీకొక్క పూట కూడా మిగల్లేదు."

పిన్ని నోట్లో గుండుసూదులు ఉండబట్టి సరిపోయింది. ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది. చివరిది గుచ్చాక నెమ్మదిగా అంది.

"వచ్చే నెల వెళ్తున్నాం."

లోపలిగదిలో పేపరు కిందికి దిగింది.

"ఎవరూ?" అన్నాడు బాబాయి.

"మీరే. నాతో."

చెల్లెలు వెళ్ళాక ఆయన గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "ఏమే, మొన్ననేగా ఇంటికప్పు బాగుచేయించాం. చేతిలో ఏముందని? పైగా నేను పుట్టినదగ్గర్నుంచీ తిరుగుతూనే ఉన్నాను. ఇప్పుడైనా కూర్చోనివ్వవా?"

"తిరిగింది మీరు, మీ చొక్కాకు నేను కుట్టిన బొత్తాలూ. నేను తిరగలేదు."

ఆ మాటకు ఆయన దగ్గర చిల్లర లేదు. లోపలికి వెళ్ళి కూర్చున్నాడు.

పిన్ని పట్టుదల అంటే మిషను సూది లాంటిది, ఒకసారి దిగితే గుడ్డకు అవతలి పక్క తేలాల్సిందే. రిటైరైన సిబ్బందికి ఏడాదికోసారి ఇచ్చే బస్సు పాసు ఉంది, భార్యకు కూడా చెల్లుతుంది. మహానగరం డిపోలో డ్రైవర్లూ కండక్టర్లూ పడుకునే విశ్రాంతి గది ఉంది, పాతవాళ్ళకు అక్కడ మంచాలిస్తారు. కాబట్టి పోవడానికీ పడుకోవడానికీ దిగులు లేదు. ఇక చూడ్డానికి పైసా పెట్టకూడదని నిర్ణయించుకుంది. ఊరికే చూడగలిగేవి మహానగరంలో ఎన్ని ఉన్నాయో బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళనందర్నీ అడగడం మొదలుపెట్టింది. పాలవాడు చెప్పాడు, ఊరి నడుమ పెద్ద తోట ఉంది, దాని గేటుకు టికెట్టు లేదని.

లారీ డ్రైవరు చెప్పాడు, నది దాటించే పడవకు బస్సు టికెట్టంతే పెట్టాలి గానీ, ఒడ్డు మీద వరసగా ఉన్న భవనాలన్నీ దాన్నుంచే కనిపిస్తాయని. పిన్ని ముఖం చూసి, "అదయినా వంతెన మీంచి నడిస్తే ఊరికేనే" అని సర్దాడు. వకీలు గుమస్తా చెప్పాడు, పెద్ద కోర్టులో వెనక బల్లల మీద ఎవరైనా కూర్చోవచ్చు, తగువులు నాటకం కన్నా బాగుంటాయి, పైగా ఫ్యాను కూడా ఉంటుందని. నర్సమ్మ చెప్పింది, కూరగాయల మార్కెట్టు మేడ పైకప్పు మీదికి మెట్లున్నాయి, సాయంత్రం అక్కడ నిలబడితే అద్దాల మేడ మొత్తం ఎర్రగా వెలుగుతుంది, అద్దాల మేడ ఎక్కినవాళ్ళకు మాత్రం ఆ మేడే కనిపించదని. ఈ మాట పిన్నికి ఎంత నచ్చిందంటే, నర్సమ్మ కోటు జేబు ఊరికే కుట్టిచ్చింది.

విన్నవన్నీ గుర్తుండాలిగా. పాత దిండుగలీబు అంచు కత్తిరించి, చోటుకొక బొత్తాం కుట్టుకుంటూ పోయింది. తోటకు ఆకుపచ్చది, కోర్టుకు నల్లది, నదికి నీలం, మార్కెట్టు మేడకు ఎర్రది. అన్నిటికన్నా పెద్దది, ఎవరిదో ఓవర్‌కోటు నుంచి మిగిలిన తెల్లటి ఎముక బొత్తాం, చిట్టచివర. బాబాయి మొదటిరోజు చూసి నవ్వాడు. మర్నాడు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. మూడోనాడు ఇక ఆగలేకపోయాడు.

"ఎవరే నీకు రూటు నేర్పింది? ఆకుపచ్చ తర్వాత నల్లది ఎలా వస్తుంది? బస్సు నది దాటి మళ్ళీ వెనక్కి రావాలా? నీలం ఇక్కడికి జరుపు. నల్లది ఆ పక్కన. ఇప్పుడు చూడు, ఒకే బస్సు!"

బొత్తాలన్నీ ఊడదీసి స్టాపుల వరసలో మళ్ళీ కుట్టించాడు. ఆ రోజు నుంచీ ఆ గుడ్డముక్క ఆయనకే ఎక్కువ ముద్దు.

వెళ్ళారు. విశ్రాంతి గదిలో ఇనుప మంచాలు, గోడకు కొక్కేలు, కొక్కేలకు ఖాకీ చొక్కాలు, గదంతా డీజిలు వాసన. ఆడవాళ్ళ వైపు ఇద్దరు కండక్టరమ్మాయిలు పిన్నికి కిటికీ పక్క మంచం ఇచ్చారు. తెల్లవారేసరికి వాళ్ళ ఊడిన బొత్తాలన్నీ కుట్టి ఉన్నాయి. మొదటిరోజు తోట చూశారు, నది వంతెన మీద నడిచారు, కోర్టులో ఇద్దరన్నదమ్ములు ఒక మేక కోసం పడిన వాదన విన్నారు. మేక ఎవరిదో తేలకుండానే వాయిదా పడితే బాబాయికి కోపం వచ్చి, "ఆ మేకనే పిలిచి అడగొచ్చుగా!" అని గట్టిగా అన్నాడు. జడ్జిగారు కూడా నవ్వారని ఆయన ఇప్పటికీ చెబుతాడు. సాయంత్రం మార్కెట్టు మేడ ఎక్కి, ఉల్లిపాయల బస్తాల మధ్య నిలబడి, అద్దాల మేడ ఎర్రబడడం చూశారు. పిన్ని గుడ్డముక్క తీసి తెల్ల బొత్తాం తడుముకుంది.

తిమింగలం రోజు మర్నాడే. పొద్దుటిపూట గంట కొట్టేదాకా ఊరికే, గంట కొట్టాక టికెట్టు. మధ్యాహ్నం తిరుగు బస్సు. పాసు మళ్ళీ ఏడాదికి గానీ రాదు, ఏడాదికి మోకాళ్ళు ఎలా ఉంటాయో తెలియదు. పొద్దున్నే బాబాయి చేతిసంచీలో రొట్టె, గుడ్లు, నీళ్ళసీసా, డబ్బులు, ఇద్దరికీ కలిపి ఉన్న ఒక్క ఫోనూ సర్దుకుని, ఎన్నో బస్సులు చూసిన గొంతుతో హెచ్చరించాడు.

"పెద్ద ఊరు. తప్పిపోయావనుకో, ఉన్నచోటే నిలబడు. అడుగు కదపకు. నేనే వస్తాను."

"తప్పిపోయేది నేనే అని ఎందుకనుకుంటారు?" అంది పిన్ని.

సిటీ బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు ఎక్కడో ముందువైపు జనంలో ఇరుక్కుని టికెట్లు కొడుతున్నాడు. వీళ్ళిద్దరూ వెనక తలుపు దగ్గర నిలబడ్డారు. ఒక స్టాపులో చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి దిగుతుంటే పిల్లబండి చక్రం మెట్టులో ఇరుక్కుంది. పిన్ని ఆగుతుందా? కిందికి దిగి, బండిని అటూ ఇటూ ఊపి లాగి, ఫుట్‌పాత్ మీద పెట్టింది. తలుపు కమ్మీ పట్టుకున్న బాబాయి ఇదంతా కళ్ళారా చూశాడు. బండి దిగింది, తల్లి దిగింది, మెట్టు ఖాళీ అయింది. ఉద్యోగమంతా చూసిన చూపు అది. చెయ్యి తనంతట తానే లేచి బస్సు రేకు మీద రెండు దెబ్బలు వేసింది.

"రైట్ రైట్!"

అలాంటి గొంతు విన్నాక ఏ డ్రైవరు ఆగుతాడు? బస్సు రివ్వున కదిలింది. పిన్ని తలెత్తి చూసేసరికి తలుపులో మొగుడి ముఖం దూరమవుతోంది. ఆ ముఖంలో మొదట పని చక్కగా చేసిన తృప్తి కనిపించింది. తర్వాత ఏదో మర్చిపోయిన ఆలోచన. ఆ తర్వాత కనిపించినదాన్ని ముఖం అనడానికి లేదు. "హోల్డాన్! హోల్డాన్!" అని కేక వినిపించింది గానీ, బస్సు అప్పటికే పొడవాటి ఫ్లైఓవర్ ఎక్కేసింది. అది దిగేదాకా స్టాపు లేదు.

పిన్ని ఫుట్‌పాత్ మీద నిలబడింది. చేతిలో డబ్బు లేదు, ఫోను లేదు, నీళ్ళు లేవు. మెడలో టేపు, గౌను కాలరుకు గుచ్చిన సూదీ దారం, జేబులో కత్తెర, బొత్తాల గుడ్డ, అంతే. పిల్లబండి తల్లి థాంక్స్ చెప్పి వెళ్ళిపోయింది.

ఉన్నచోటే నిలబడమన్నాడు. నిలబడింది. ఒక బస్సు వచ్చింది, పోయింది. ఇంకొకటి వచ్చింది, పోయింది. వెళ్ళిన దారిన తిరిగి వచ్చే బస్సే లేదని అప్పుడు గమనించింది. అది ఒకవైపే వెళ్ళే రోడ్డు. ఆయన దిగి, అవతల వీధిలో బస్సు పట్టుకుని, చుట్టూ తిరిగి రావాలి. వచ్చేసరికి మ్యూజియంలో గంట కొట్టేస్తారు. ఇక్కడ నిలబడితే మొగుడు తప్పకుండా దొరుకుతాడు, తిమింగలం దొరకదు. మొగుడు ఇంటికెళ్ళినా దొరుకుతాడు.

స్టాపు పక్కన పేపర్ల కొట్టు. లోపల ఒక లావుపాటావిడ చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

"అమ్మాయ్, మ్యూజియం ఎటు?"

"నేరుగా వెళ్ళి, గుర్రం బొమ్మ దగ్గర కుడి చేతికి తిరగండి. బస్సెక్కితే అయిపోతుంది కదా."

"బస్సుతో నాకిప్పుడు మాటల్లేవు. చూడు, ఒకాయన వస్తాడు. బట్టతల, చేతిలో సంచీ. గొంతు మాత్రం లారీ హారను. వెతుక్కుంటుంటాడు."

"పోలీసుల్ని పిలవమంటారా?"

"మొగుడేలే. తెల్ల బొత్తాం దగ్గరున్నానని చెప్పు."

"తెల్ల బొత్తామా?"

"అలాగే చెప్పు, ఆయనకు తెలుస్తుంది."

పేపర్లావిడ ఏమనుకుందో గానీ, తల ఊపింది. పిన్ని నడిచింది. మోకాళ్ళు మొదటి వీధిలోనే గొడవ మొదలుపెట్టాయి. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం అని వాటికి సర్దిచెప్పింది. గుర్రం బొమ్మలు రెండున్నాయి, మొదటిదాని దగ్గర తిరిగి ఒక బ్యాంకు మెట్లెక్కేసింది. వాచ్‌మన్ తిమింగలాలు తమ దగ్గర లేవని మర్యాదగా చెప్పి, దారి చూపించాడు. పరుగు కాని పరుగుతో మ్యూజియం గేటు చేరేసరికి, లోపల గోడగడియారం ముల్లు గంట కొట్టే చోటికి వచ్చేసి ఉంది. గార్డు గేటుకు కట్టే తాడు చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"జేబులో ఏముందమ్మా?"

"కత్తెర."

"కత్తెర లోపలికి కుదరదు. అదిగో సామాన్ల గది, అక్కడ పెట్టి రసీదు తీసుకోండి. చిల్లర ఇవ్వాలి."

"చిల్లర బస్సెక్కి వెళ్ళిపోయింది బాబూ."

"నేనేం చెయ్యను? రూలు రూలే."

పిన్ని చుట్టూ చూసింది. మెట్ల పక్కన పెద్ద పూలకుండీ ఉంది. చకచకా వెనక్కి దిగి, కత్తెర తీసి, పిడిదాకా మట్టిలో పాతి, పైన ఆకులు సర్ది, అంతే తొందరగా మెట్లెక్కి వచ్చింది. గార్డు అదంతా చూశాడు. చూసి, ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు తలెత్తాడు.

"మెడలో అదేంటి?"

"నా ఉద్యోగం."

ఆయన తాడు పైకెత్తాడు. పిన్ని కిందనుంచి దూరింది. వెనక గంట మోగింది.

ఆ లోపలి హాలంత ఎత్తైన గదిని పిన్ని ఎప్పుడూ చూడలేదు. గాజు పైకప్పులోంచి ఎండ దిగుతోంది. ఆ ఎండలో, ఇనుప తీగలకు వేలాడుతూ, అది ఉంది. తలపుర్రె ఒక్కటే ఆమె ముందుగదంత. పక్కటెముకలు ఒకదాని వెనక ఒకటి, ఎవరో మహానుభావుడు చొక్కా కుట్టడానికి వరసగా టాకాలు వేసి మధ్యలో వదిలేసినట్టు. తోక ఎక్కడో అవతలి గోడ దగ్గర ఉంది. వాచకంలో గీసినవాడు అబద్ధం చెప్పలేదు. పిన్ని దాని కింద నిలబడి, ఇప్పుడు తనూ ఆ బొమ్మలో గోరంత మనిషినని తెలుసుకుంది. ముక్కు తుడుచుకుంది. తర్వాత మెడలోంచి టేపు తీసింది.

లోపల తిరిగే ఇంకో గార్డు గబగబా వచ్చాడు. "అమ్మా, ముట్టుకోకూడదు!"

"ముట్టుకుంటే చెయ్యందాలిగా. నేల మీద దాని నీడ పడింది చూడు. నీడ కొలిస్తే అభ్యంతరమా?"

గార్డు నీడను చూశాడు. నీడ గురించి ఆయనకు ఎవరూ ఏమీ చెప్పి ఉండలేదు. తల గోక్కుని పక్కకు తప్పుకున్నాడు.

కొలవడం అంత తేలిక కాలేదు. టేపు ఒక చివర నేల మీద ఆనించి రెండో చివర లాగితే, మొదటిది చుట్టుకుని వెంటే వచ్చేది. చెప్పు బరువు పెడితే, పైకి చూస్తూ నడిచేవాళ్ళు ఆ చెప్పును తన్నేవాళ్ళు. ముక్కు దగ్గర మొదలుపెట్టి మళ్ళీ ముక్కు దగ్గరికే వస్తోంది. నాలుగోసారి మోకాళ్ళ మీద కూలబడి, పళ్ళు బిగించి, "ఎలా రావో చూస్తాను" అని టేపుతో అంది.

అప్పుడు హాలంతా దద్దరిల్లింది.

"హోల్డాన్!"

జనం మొత్తం ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. తిమింగలం కూడా తీగల మీద కొంచెం ఊగిందని చెప్పేవాళ్ళున్నారు. చెమటతో తడిసిన చొక్కాతో, సంచీ గుండెలకు హత్తుకుని, బాబాయి నీడ మీదుగా నడిచొచ్చాడు. రెండో చేతిలో ఒక కాగితం ముక్క ఉంది.

"ఉన్నచోటే నిలబడమన్నానా లేదా?"

"ముందు ఉన్నచోటే బస్సెక్కనివ్వాలి కదండీ."

ఆయన చుట్టూ ఆగిపోయిన జనాన్ని చూశాడు. తర్వాత చిన్న గొంతుతో, అంటే మామూలు మనుషులు మాట్లాడేంత గొంతుతో, అన్నాడు. "ఆ పేపర్లావిడ తెల్ల బొత్తాం అనగానే ప్రాణం లేచొచ్చిందే. నువ్వు నిలబడవని అప్పుడే అనుకున్నాను. నిలబడుంటేనే భయపడేవాణ్ణి."

"చేతిలో అదేంటి?"

బాబాయి కాగితం వెనక్కి దాచబోయాడు. గంట కొట్టాక వచ్చాడు మరి. జీవితమంతా టికెట్లు కొట్టిన మనిషి, ఊరికే తప్ప చూడనని వచ్చిన మనిషి, కిటికీ ముందు నిలబడి డబ్బులిచ్చి టికెట్టు కొనుక్కున్నాడు.

"ఎంతైంది?"

"అడక్కు. పైగా చింపిన పద్ధతి చూడు, అంచంతా వంకర. పిల్లకాయకు ట్రైనింగ్ లేదు."

పిన్నికి నవ్వొచ్చింది. నవ్వుతూనే టేపు చివర ఆయన వైపు చాచింది. చొక్కా మాట విని ఒకప్పుడు పొలమారిన మనిషి, ఈసారి ఏమీ అడగలేదు. సంచీ పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, టేపు చివరను తిమింగలం ముక్కు నీడ మీద బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టాడు.

"లాగు. నేనున్నాను."

ముక్కు నుంచి తోకదాకా ఇద్దరూ పాక్కుంటూ పోయారు. ఆయన ప్రతిసారీ బస్సులో తలలు లెక్కపెట్టినట్టు గట్టిగా లెక్కపెట్టాడు. జనం దారిచ్చారు. గార్డు ఒకచోట బల్ల కూడా జరిపిపెట్టాడు. తోక కొస చేరాక పిన్ని గోడకు ఆనుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, గుడ్డ పన్నా ఎంత, చేతులు పెట్టాలా వద్దా, కాలరు ఎక్కడ పెట్టాలి అని లెక్క కట్టింది. ఎన్ని తానులో చెప్పినా ఎవరూ నమ్మరు. బొత్తాలకు మాత్రం తన బిస్కెట్ డబ్బాలన్నీ చాలవని ఆమె ఒప్పుకుంది. తిమింగలం కిందే బల్ల మీద కూర్చుని రొట్టె, గుడ్లు తిన్నారు. వచ్చేటప్పుడు పూలకుండీలోంచి కత్తెర తవ్వి తీసుకుని, గేటు దగ్గరి గార్డుకు నమస్కారం పెట్టారు. ఆయన ఈసారి కూడా ఆకాశం వైపే చూశాడు.

డిపోలో తిరుగు బస్సు సిద్ధంగా ఉంది. పిన్ని ముందెక్కి కిటికీ సీట్లో కూర్చుంది. బాబాయి అలవాటుగా తలుపు దగ్గరే నిలబడ్డాడు. అందరూ ఎక్కారు, మెట్టు ఖాళీ అయింది. ఈ బస్సు కండక్టరు కుర్రవాడు పెద్దాయన్ని గుర్తుపట్టి, "మీరే చెప్పండి సార్" అన్నాడు గౌరవంగా.

బాబాయి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి రేకు మీద పడకుండా గాలిలోనే ఆగింది. వెనక్కి తిరిగి సీటు వైపు చూశాడు. పిన్ని ఉంది. అయినా ఇంకోసారి చూశాడు. డ్రైవరు అద్దంలోంచి ఎదురుచూస్తున్నాడు, ఇంజను గురగురలాడుతోంది, ఆయన మాత్రం నోరు విప్పడం లేదు.

పిన్ని ఒళ్ళో ఉన్న బొత్తాల గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది. సీటు కమ్మీ మీద టేపు ఇత్తడి కొసతో రెండు దెబ్బలు కొట్టింది.

"రైట్ రైట్!"

బస్సు కదిలింది.